‘బట్’ దాకా రాని ప్రసంగం

మా బామ్మర్ది సిమిలీ సార్ నా ప్రసంగాన్ని ఇప్పటికీ తన ట్యుటోరియల్‌లో పాఠంగా చెబుతున్నాడు. ఈ ముక్క వాడు నాకు చెప్పలేదు. కిటికీ అద్దం పగిలిందని కొలత ఇవ్వడానికి వచ్చిన ఒకాయన చెప్పాడు. "మీ బామ్మర్దిగారు భలే చెబుతారండీ. మా అమ్మాయికి ఆ కన్సెషన్ అనే అలంకారం ఉదాహరణతో సహా కంఠతా వచ్చేసింది" అని మురిసిపోయాడు. ఆ ఉదాహరణ మొదట నా నోట్లోంచే వచ్చిందని ఆయనకు తెలియదు. కొలత రాసుకుని పంపించేశాను. ఆయన మెట్లు దిగాక, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తూ నిలబడ్డాను. కూర్చుందామంటే ఒళ్ళు కూర్చోనివ్వలేదు. మనిషి కొంప మునిగితే మునిగింది, దాన్ని బోర్డు మీద సుద్దముక్కతో రాసి, కింద గీత గీసి, పిల్లల చేత వల్లెవేయించేవాణ్ణి ఏమనాలి? వాడే అయితే దీనికీ ఏదో పోలిక చెప్పేవాడు. నాకేమీ తోచడం లేదు.

వాడి అసలు పేరు గుర్తు చేసుకోవాలంటే సొంత అక్కకే కాస్త టైము పడుతుంది. సెల్‌ఫోన్ల షాపు మీద రెండు గదులు అద్దెకు తీసుకుని ఇంగ్లీషు చెబుతాడు. అందులోనూ ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ అంటే ప్రాణం. మంచినీళ్ళు అడిగినా ఎడారినో ఒంటెనో మధ్యలోకి లాగకుండా అడగడు. సిమిలీ అంటే పోలిక. పిల్లలు ఆ పేరు పెట్టారు. వాడు కోప్పడకపోగా ట్యుటోరియల్ బోర్డు మీద అదే రాయించుకున్నాడు. ఆ బోర్డుకి అద్దం వేసింది నేనే. ఊరికే వేశాను.

నాది అద్దాల షాపు. మా నాన్న పెట్టింది. రోడ్డు మలుపు తిరిగే చోట ఉంటుంది. ముందు భాగంలో కంబళి పరిచిన కోత బల్ల, వెనక చెక్క స్టాండులో నిలబెట్టిన పెద్ద పలకలు, పక్క గోడవారగా మా ఆవిడ ఫొటో ఫ్రేములు కట్టే చోటు. ఇల్లు ఆ వెనకే. బేరం వచ్చిన రోజు ఇద్దరం పనిలో ఉంటాం. రాని రోజు ఇద్దరం ఒకరినొకరు సాధించుకుంటాం. అలా సాగిపోతూ ఉండగా నోటీసు వచ్చింది.

రోడ్డు వెడల్పు చేస్తారట. మిగతా రోడ్డంతా ఇబ్బంది లేదు, మలుపు దగ్గరే తిరకాసు. అక్కడ రోడ్డు ఎటువైపైనా జరగొచ్చు. మావైపు జరిగితే నా షాపు ముందు భాగం పోతుంది. ఎదుటివైపు జరిగితే ఎప్పుడో మూతపడిన గోడౌను ప్రహరీ, దాని వెనక మొలిచిన పిచ్చిమొక్కలు పోతాయి. ఏ వైపో తేల్చడానికి విచారణ పెడతారు. ఇద్దరు యజమానులూ వచ్చి చెప్పుకోవాలి. స్థలం ఎవరి పేరున ఉందో వాళ్ళే మాట్లాడాలి, ఇంకెవరూ వకాల్తా పుచ్చుకోకూడదు. మనిషికి మూడు నిమిషాలు. నోటీసు ఇంగ్లీషులో ఉంది. నా ఖర్మ అక్కడే మొదలైంది.

దాన్ని చదివి చెప్పమని మా ఆవిడే తమ్ముణ్ణి పిలిపించింది. వాడు వచ్చి, చదివి, విడమరిచి చెప్పాడు. అంతా విని మా ఆవిడ అంది కదా:

"ఇందులో ఏముంది? ఎదురుగా ఖాళీ జాగా ఉంది, అది తీసుకోండి, మా పొట్ట కొట్టకండి అని చెప్పండి. దీనికి మూడు నిమిషాలు కూడా ఎందుకు? తలుపు దగ్గర నిలబడి చెప్పి వచ్చేయొచ్చు."

"అక్కా, అలా చెబితే ఎవరు వింటారు?" అన్నాడు సిమిలీ సార్. "విచారణ చేసే ఆఫీసరమ్మ బయటి రాష్ట్రం మనిషి, ఇంగ్లీషులో చదువుకున్న మనిషి. రోజూ వందమంది వచ్చి పొట్ట కొట్టకండి, పొట్ట కొట్టకండి అనే చెబుతారు. ఆమె చెవులకి అది ఫ్యాను చప్పుడు. మనం ఇంగ్లీషులో చెప్పాలి. ఊరికే ఇంగ్లీషు కాదు, అలంకారాలతో. ఆమె పెన్ను కింద పెట్టి బావ మొహంకేసి చూడాలి."

మా ఆవిడ నా మొహంకేసి చూసింది. "ఈ మొహంకేసా?" అంది.

నవ్వి ఊరుకోవలసింది. ఊరుకోలేదు. నేను బడి మానేసింది ఇంగ్లీషు క్లాసులోంచే. పాఠం సగంలో ఉండగా మా నాన్న గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపాడు. పెద్ద పలక దించాలి, అవతలి అంచు పట్టుకోవడానికి మనిషి లేడు. వెళ్ళి పట్టుకున్నాను. మళ్ళీ బడికి వెళ్ళలేదు. ఆ పాఠం మిగతా సగంలో ఏముందో ఇప్పటికీ తెలియదు. నలుగురి ముందు నిలబడి నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడాలని ఎవరికి మాత్రం ఉండదు? సరే, నేర్పరా అన్నాను.

రోజూ మధ్యాహ్నం తన క్లాసులకి ముందు వచ్చేవాడు. కోత బల్లకి అటువైపు వాడు, ఇటువైపు నేను.

"బావా, మొదట సిమిలీ. నీ షాపుని దేనితో పోలుస్తావు?"

"దేనితోనూ పోల్చను. షాపు షాపే."

"అలా కాదు. నా బతుకు అద్దంలాంటిది అన్నావనుకో..."

"ఎన్ని ఎమ్మెమ్‌లు?"

"ఏంటి?"

"అద్దం అన్నావు కదా. నాలుగు ఎమ్మెమ్మా, ఆరా? నాలుగైతే తలుపుకి పనికిరాదు."

మా ఆవిడ ఫ్రేముకి మేకు కొడుతూ ఫక్కున నవ్వింది. సిమిలీ సార్ నవ్వలేదు. జేబులోంచి రుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. హైపర్‌బొలీకి వెళ్దాం అన్నాడు. అంటే అతిశయోక్తి.

"ఈ షాపు మీద వంద కడుపులు ఆధారపడి ఉన్నాయి అనాలి."

"రెండేరా. మీ అక్కది, నాది. ఆదివారం నువ్వొస్తే మూడు."

"నిజంగా లెక్కపెట్టమని కాదు బావా, పెంచి చెప్పాలి."

"మా పనిలో గోరంత పెంచి చెప్పినా అద్దం ఫ్రేములో కూర్చోదు. కూర్చోబెట్టబోతే మూల పగులుతుంది. నాకు పెంచడం రాదు."

రెటారికల్ క్వశ్చన్ అని ఇంకోటి చెప్పాడు. జవాబు కోసం కాకుండా అడిగే ప్రశ్న. అది మాత్రం మా ఇంట్లో కొత్త కాదు. "మీకసలు బుద్ధుందా?" అని మా ఆవిడ పెళ్ళయిన కొత్తలో అడిగింది. "ఉంది" అన్నాను. ఆ పూట అన్నం వడ్డించలేదు. కొన్ని ప్రశ్నలకి జవాబు చెప్పకూడదని అప్పుడే తెలుసుకున్నాను, పేరొక్కటే తెలియదు. వాడు ఐరనీ అని ఎత్తిపొడుపు మాటల గురించి చెప్పినప్పుడూ అంతే. షాపు ఆలస్యంగా కట్టేసి లోపలికి వెళ్ళినప్పుడల్లా "అబ్బో, పెందరాళే వచ్చారే" అంటుంది. అక్కని ట్యుటోరియల్‌లో కూర్చోబెట్టుకోరా, నీకు పుస్తకం ఖర్చు కలిసొస్తుంది అన్నాను. మేకు కొట్టే సుత్తి కాస్త గట్టిగా మోగింది.

చివరికి వాడు ఒక నిర్ణయానికి వచ్చాడు. "నీకు పోలికలు ఒంటబట్టవు, పెంచడం చేతకాదు. నీ దగ్గర ఉన్నది నిజాయితీ. దాంతోనే కొడదాం. కన్సెషన్ అని ఒకటుంది."

"అది బస్సు పాసుకి కదరా ఇస్తారు?"

"ఇది వేరు బావా. ఎదుటివాడు ఏమనబోతాడో అది ముందు మనమే ఒప్పుకోవడం. రోడ్డు ఇరుకు, నిజమే. మలుపులో బస్సులు ఇరుక్కుంటాయి, నిజమే. నా షాపు ముందుకొచ్చి ఉంది, నిజమే. ఇలా ఆరు ఒప్పుకోవాలి. ప్రతిదీ ‘ఇట్ ఈజ్ ట్రూ’ అనే మాటతోనే మొదలవ్వాలి. అలా ఒకే మాట మళ్ళీ మళ్ళీ మొదట రావడం ఇంకో అలంకారం. మెట్టు మెట్టు ఎక్కుతూ పోయి పైన క్లైమాక్స్, అది మూడోది. ఆఫీసరమ్మ హాయిగా వెనక్కి ఆనుకుంటుంది, ఈయనెవరో మంచివాడు, గొడవ లేకుండా ఒప్పుకుంటున్నాడు అనుకుంటుంది. అప్పుడు నువ్వు ఒక్క క్షణం ఆగి ‘బట్’ అంటావు. బట్ అంటే కానీ. అంతే! మొత్తం తిరగబడిపోతుంది."

"అన్నీ ఒప్పేసుకున్నాక తిరగబడ్డానికి ఇంకేం మిగులుతుందిరా?" అంది మా ఆవిడ.

"అక్కా, బౌలర్ని చూడు. వికెట్టుకి దూరంగా వెనక్కి వెనక్కి నడుస్తాడు. పారిపోతున్నాడనుకుంటావా?"

"బట్ తర్వాత ఏం చెప్పాలి?" అని నేనడిగాను.

"ఎదుటి గోడౌను ఖాళీగా ఉందని. అది చివరిదాకా దాచాలి."

"దాచడమేంట్రా, అంత గోడ? రోడ్డున పోయేవాళ్ళందరికీ కనబడుతోందిగా!"

వాడు వినలేదు. నోటీసుతో పాటు వచ్చిన కాగితంలో అభ్యంతరం ఏమిటో రాయమని ఉంటే, అక్కడ కూడా గోడౌను మాట రాయనివ్వలేదు. ‘స్వయంగా విన్నవించుకుంటాను’ అని ఒక్క ముక్క రాయించాడు. ముందే చెప్పేస్తే ప్రసంగంలో పస ఏముంటుంది అన్నాడు. మా ఆవిడ ఏదో అనబోయింది. "నువ్వు ఫ్రేములు చూసుకో" అన్నాను. ఆమె సుత్తి పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

నేను ప్రసంగాన్ని ఎలా నేర్చుకున్నానో చెప్పాలి. అద్దం కోసేటప్పుడు గీత ఒక్కసారే గీస్తాం. ఈ అంచున కట్టర్ ఆనిస్తే ఆ అంచున ఎత్తాలి. మధ్యలో ఆపి చెయ్యి తీశామా, మళ్ళీ అక్కడి నుంచే అందుకుంటే గీత కలవదు, అద్దం తన ఇష్టం వచ్చిన దారిన పగులుతుంది. అందుకని మధ్యలో ఆగిన పలకని పక్కన పడేసి, కొత్తది తీసుకుని మళ్ళీ మొదటి అంచు నుంచి మొదలుపెడతాం. ఇన్నేళ్ళుగా నా చేతికి తెలిసిన దారి అదొక్కటే. ప్రసంగం కూడా అలాగే పట్టాను. మాటల అర్థం వాడు చెప్పాడు కానీ నేను పట్టుకున్నది అర్థాన్ని కాదు, వరసని. ఏ మాట తర్వాత ఏ మాటో నాలుకకి ఎక్కించాను. షాపు నిండా నిలబెట్టిన అద్దాలు కదా, ఎటు తిరిగినా నేనే ఇంగ్లీషు మాట్లాడుతూ కనిపించేవాణ్ణి. ఒక్కోసారి బాగానే ఉన్నాననిపించేది.

"టైము సరిపోతుందంటావా?" అని ఒకరోజు అడిగాను.

"నేను చదివి చూశాను బావా, ఇంకా మిగిలింది. నువ్వు నిదానంగా చెప్పు. నిదానంగా చెబితేనే బరువు."

నన్ను చదివించి చూడాలని వాడికీ తోచలేదు, నాకూ తోచలేదు.

విచారణ రోజు పొద్దున్నే లేచి షాపు ఊడ్చాను. ఊడ్చిందే మళ్ళీ ఊడ్చాను. చొక్కా వేసుకుని, విప్పి, ఇంకోటి వేసుకున్నాను. కాఫీ తాగానో లేదో గుర్తు లేదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "గోడౌను మాట మర్చిపోకండి" అంది. తల ఊపాను. పెదాల మీద మాత్రం ‘ఇట్ ఈజ్ ట్రూ’ తిరుగుతోంది.

ఆఫీసు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మాకంటే ముందు ఎవరిదో కాలువ తగాదా నడుస్తోంది. నాకు కాలు నిలవలేదు. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి, కిటికీ దగ్గర నుంచి కుర్చీ దగ్గరికి తిరుగుతున్నాను. కిటికీలో ఒక అద్దం మూల చిట్లి ఉంది. కళ్ళతోనే కొలత తీసుకున్నాను. తలుపు అద్దానికి వేసిన లప్పం ఎండి రాలిపోతోంది. దాన్ని గోటితో గీకుతుంటే బంట్రోతు వచ్చి కూర్చోమన్నాడు. గోడౌను ఆసామి ముందు వరసలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. ఆయన చేతిలో కాగితం కూడా లేదు. సిమిలీ సార్ చివరి వరసలో, ఇస్త్రీ చొక్కాలో, తనే పరీక్ష రాయబోతున్నవాడిలా చెమటలు కక్కుతున్నాడు.

పిలిచారు. వెళ్ళి నిలబడ్డాను. ఆఫీసరమ్మ ఎదుట బల్ల మీద ఒక గంట, పక్కన రాసుకునే గుమాస్తా. ఆమె నాకేసి చూసి, కూడబలుక్కుంటూ మన మాటల్లోనే అంది:

"మీ భాషలో చెప్పండి. నాకు తెలుస్తుంది. కొంచెం నెమ్మదిగా చెబితే చాలు."

ఇంత మర్యాదగా అడిగిన అధికారిని నేను అంతకు ముందు చూడలేదు. వెనక్కి తిరిగాను. చివరి వరసలో వాడు వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు. గొంతు సవరించుకున్నాను.

"ఇట్ ఈజ్ ట్రూ" అని మొదలుపెట్టాను. రోడ్డు ఇరుకు, నిజమే. హాల్లో గుసగుసలు ఆగాయి. ఆమె నిజంగానే నా మొహంకేసి చూసింది. గుమాస్తా రాసుకున్నాడు. బస్సులు ఇరుక్కుంటాయి, నిజమే. ఆమె తల ఊపింది. నా షాపు మలుపులోకి పొడుచుకొచ్చి ఉంది, నిజమే. అది నేను కొన్నది కాదు, తండ్రి వల్ల వచ్చింది, నిజమే. ఒక్కో మాటనీ చెక్కపెట్టెలోంచి అద్దం తీసినట్టు తీసి, ఆనించి, చెయ్యి వదిలి, తర్వాతది తీస్తున్నాను. చూశారా, వాడి తెగులు నాకూ అంటుకుంది.

నాలుగోది అయ్యి ఐదోది అందుకుంటుండగా ఆమె గడియారంకేసి చూసి, "మంచిది. మీరు కోరేది ఏమిటో చెప్పండి" అంది.

ఆమె మంచికే అంది. ఇప్పుడు తెలుస్తోంది. కానీ అప్పుడు నా గీత తెగింది. నోట్లో ఐదో మాట సగంలో ఆగిపోయింది. ముందుకి చూస్తే ఏమీ లేదు, వెనక్కి చూస్తే ఏమీ లేదు. ‘బట్’ ఎక్కడో ఆ చివర ఉందని తెలుసు, కానీ అక్కడికి దూకడం ఎలాగో తెలియదు. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. మొదటి అంచుకి వెళ్ళాను.

"ఇట్ ఈజ్ ట్రూ..." రోడ్డు ఇరుకు.

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. "ఇది రాశాం కదండీ" అన్నాడు గుమాస్తా. నేను ఆగలేదు. ఈసారి ఆగితే చచ్చాననే అనుకున్నాను. బస్సులు. షాపు. తండ్రి. అన్నీ మళ్ళీ ఒప్పుకుంటూ వచ్చాను. ఐదోది, నేను చదువుకోనివాణ్ణి. ఆరోది, ఊరి మేలు నా మేలు కంటే పెద్దది, ఇట్ ఈజ్ ట్రూ. మెట్లన్నీ ఎక్కేశాను. వాడు చెప్పినట్టే ఒక్క క్షణం ఆగాను. ఊపిరి తీసుకుని, ‘బ’ అనడానికి పెదాలు కలిపాను.

గంట మోగింది.

కలిపిన పెదాలు కలిపినట్టే ఉండిపోయాయి. ఆఫీసరమ్మ ఇంగ్లీషులో ఏదో గబగబా అడిగింది. నా ప్రసంగంలో లేని ఇంగ్లీషు నాకేం తెలుసు? వెనక్కి చూశాను. సిమిలీ సార్ కుర్చీలోంచి సగం లేచి, చెప్పు చెప్పు, ఆపకు అన్నట్టు తల నిలువుగా ఊపేస్తున్నాడు. వాడు ఊపాడని నేనూ ఊపాను. గుమాస్తా రాసుకున్నాడు. నాకు అభ్యంతరం లేనట్టేనా అని ఆమె అడిగిందని ఆ తర్వాత చెప్పారు.

గోడౌను ఆసామిని పిలిచారు. ఆయన పుల్ల జేబులో పెట్టుకుని లేచాడు.

"ఆయనంత పెద్దమనసు చేసుకున్నాక నేను అడ్డుపడితే ఏం బాగుంటుందమ్మా. నాకూ సమ్మతమే." కూర్చున్నాడు.

ఎవరో చప్పట్లు కొట్టారు.

అప్పుడు వచ్చింది నాకు నోరు. "మేడమ్! ఎదురుగా ఖాళీగా ఉందండీ! ఆ గోడౌనులో ఎలుకలు కూడా ఉండటం లేదండీ! అటువైపు తీసుకోండి, ఇది పోతే మేం బతకలేమండీ!" అని మన మాటల్లో అరిచాను. అంతా కలిపి ఒక్క గుక్క. ఆమె పెన్ను కింద పెట్టింది. గుమాస్తాతో, ఈ సంగతి రాసిచ్చిన అభ్యంతరంలో ఉందేమో చూడమంది. అతను కాగితాలు తిరగేసి, "స్వయంగా విన్నవించుకుంటాను అని మాత్రం ఉందండీ" అన్నాడు.

"నేను మిమ్మల్ని మీ భాషలో చెప్పమన్నాను కదా. ఈ మాట మొదట చెబితే బాగుండేది" అంది ఆమె. కోపంగా అనలేదు. కసురుకుని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. టైము అయిపోయిందని, ఇద్దరి మాటా నమోదైందని, కావాలంటే పైవాళ్ళకి రాసుకోమని చెప్పి తర్వాతి వాళ్ళని పిలిచింది.

వరండాలో వాణ్ణి పట్టుకున్నాను.

"ఒక్క మాట ముందు పెడితే ఏం పోయేదిరా?"

"క్లైమాక్స్ ఎవరైనా ముందు పెడతారా బావా?"

"ఇది ప్రశ్నా, అలంకారమా? జవాబు చెప్పాలా, అక్కర్లేదా?"

"నువ్వు మళ్ళీ మొదటికి ఎందుకు వెళ్ళావు? ఆమె అడగ్గానే బట్ అనేస్తే అయిపోయేది. ప్రసంగంలో లోపం లేదు బావా. చెప్పడంలో వచ్చింది."

చెయ్యి లేచింది. వాడు కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు, కొడతాననే అనుకున్నాడు. కొట్టలేదు. కళ్ళద్దాలు పగులుతాయన్న భయం లేకుండా వాడు తల వంచి నిలబడితే, ఆ మొహంలో మా ఆవిడ పోలికలు కనిపించాయి. చెయ్యి దించుకుని బయటికి నడిచాను. బస్సు ఎక్కకుండా నడుచుకుంటూనే వచ్చాను. మధ్యలో ఎక్కడా ఆగలేకపోయాను.

మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. చెప్పాను. అంతా విని, "ఆరు నిజాలూ అక్కడ చెప్పేసి, ఏడోది ఇంటికి తెచ్చారా?" అంది. లోపలికి వెళ్ళి, ఫ్రేము కట్టడం మొదలుపెట్టింది. తర్వాత చాలారోజులు నన్ను ఏ ప్రశ్నా అడగలేదు. బుద్ధుందా అని కూడా అడగలేదు. అడిగితే బాగుండుననిపించేది.

పైవాళ్ళకి రాసుకున్నాం. ఈసారి మన భాషలోనే, గోడౌను మాట మొదటి వాక్యంలోనే. వాళ్ళు విచారణ రోజు గుమాస్తా రాసింది తెప్పించుకుని చూశారు. ‘యజమాని మొదటి నాలుగు అంశాలనూ తనంతట తానుగా రెండుసార్లు అంగీకరించారు’ అని ఉందట. ఒకసారి అయితే పొరపాటున అన్నాడనుకోవచ్చు, రెండోసారి కూడా అన్నవాడి మాట ఎలా కాదంటాం అని తిప్పి పంపేశారు.

షాపు ముందు భాగం కూల్చే మిషన్లు వచ్చే రోజు పలకలన్నీ వెనక్కి మోసుకోవాలి. అవతలి అంచు పట్టుకోవడానికి సిమిలీ సార్ వచ్చాడు, పిలవకుండానే. ట్యుటోరియల్‌కి సెలవిచ్చి వచ్చాడట. చేతులకి గుడ్డలు చుట్టుకుని మాట్లాడకుండా మోశాడు. వాడికి ఈ పని రాదు, రెండు వేళ్ళు కోసుకున్నాడు. మా ఆవిడ కట్టు కట్టింది. అన్నీ అయ్యాక ఖాళీ అయిన ముందు భాగంలో నిలబడి, ఉండబట్టలేక అన్నాడు:

"యుద్ధం అయిపోయిన మైదానంలా ఉంది బావా."

"పోలిక ఆపి ఆ బల్ల కాలు పట్టుకో" అన్నాను.

బల్ల పట్టుకున్నాం. ఎటు తిప్పినా మిగిలిన గదిలో పట్టలేదు. నిలువుగా పెడితే తలుపు మూసుకుపోతుంది, అడ్డంగా పెడితే మనిషి తిరగడానికి లేదు. చివరికి సగానికి కోశాం. సగం బల్ల మీద నిండు పలక పరచలేం. కాబట్టి తలుపుల పని, షాపుల ముందు నిలబెట్టే పెద్ద అద్దాల పని ఇక లేదు. ఫొటో ఫ్రేములు, చేతి అద్దాలు, పగిలిన కిటికీ ముక్కలు, అంతవరకే. మా నాన్న పలక దించడానికి నన్ను బడిలోంచి పిలుచుకొచ్చిన చోట ఇప్పుడు బస్సులు మలుపు తిరుగుతున్నాయి. తిరిగిన ప్రతిసారీ ఫ్రేముల్లో అద్దాలు గలగలమంటాయి. నేను లేచి వెళ్ళి వాటిని సర్దుతాను. కూర్చుంటాను. ఇంకో బస్సు వస్తుంది.

ఎదుటి గోడౌను అలాగే ఉంది. ప్రహరీ మీద పిచ్చిమొక్క ఇంకాస్త పెరిగింది.

సర్వే వాళ్ళు టేపు వేసి పోయింది ఇంత అని చెప్పారు. వాళ్ళు వెళ్ళాక నేను నా టేపు తీసుకుని మళ్ళీ కొలిచాను. తేడా రాలేదు. వెడల్పు ఇరవై రెండు అడుగులు, లోతు పన్నెండు అడుగులు. ఇరవై తొమ్మిది చదరపు గజాలు, పైన మూడు చదరపు అడుగులు.